గొంతులో ఆగిన ఆమెన్

మంగళవారం రాత్రి, మొఘల్‌పురా

రేపు పొద్దున నా భార్య సునీతకు గుండె ఆపరేషన్. ఆస్పత్రిలో మంచాలు ఖాళీ లేవని ఈ రాత్రికి ఇంట్లోనే ఉండమన్నారు. సాయంత్రం పాస్టరుగారు వచ్చి, ఆమె తలమీద చెయ్యి పెట్టి, "నీ చిత్తమే జరుగును గాక ప్రభువా" అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

"ఏంది బ్రదర్, నోరు పెగుల్తలేదా?" అన్నారు పాస్టరుగారు.

"ఆస్పత్రిల మిషన్ ఖరాబై రెండుసార్లు ఆపరేషన్ ఆగింది. అప్పుడు గూడ దేవుని చిత్తమే అన్నరు. గది సర్కారు నిర్లక్ష్యం అయ్యగారూ. దాన్ని దేవుని నెత్తిన రుద్దితే నేను ఆమెన్ అనను."

ఇప్పటికీ అదే అంటాను. పేదవాడి నోరు మూయించడానికి దేవుని పేరు వాడుకోవడం కన్నా పెద్ద దైవదూషణ లేదు.

ఆయన చాయ్ తాగకుండానే వెళ్లిపోయారు. పెళ్లయిన నాటి నుంచి నా లొల్లి వింటున్న మనిషి కదా, సునీత మాత్రం నవ్వింది.

"మిషన్ గురించి సర్కారుతోని కొట్లాడు, నేను గూడ వస్త. గని రేపు నేను కండ్లు తెరుస్తనో లేదో, గది ఎవ్వలతోని కొట్లాడుతవ్?"

ఇన్నేళ్లు పత్రికలకు రాసిన ప్రతి వ్యాసంలోనూ ఒక ముద్దాయిని చూపించాను. దీనికి ముద్దాయి లేడు.

ఆమె నిద్రపోయిందనుకుని ఇందాక మంచం పక్కన మోకాళ్లూనాను. నీ చిత్తం అని మొదలుపెట్టి, అక్కడే ఆపేశాను. "సర్కారును నేను వదలను ప్రభువా. ఈమెను మాత్రం నీ చేతిలో పెడుతున్నాను" అన్నాను.

నాకన్నా ముందే, చీకట్లో సునీత ఆమెన్ అంది.