వెనక తలుపు

సూర్యాపేట, మంగళవారం

మిర్యాలగూడ సేటు రైసుమిల్లులో నేను బిగించే సీసీ కెమెరాలు ఎక్కడ పెట్టాలో తేల్చడం తేలికే అయింది. గేటు, కాటా, గోదాము. ఆ తర్వాత సేటు నన్ను తన ఇంటికి తీసుకెళ్లాడు. అక్కడ మాత్రం కెమెరాలన్నీ లోపలికే తిప్పమన్నాడు.

"దొంగలు బయట నుంచి కదా వచ్చేది, సేటూ?" అన్నాను.

"దొంగల సంగతి ఇడిసిపెట్టు తమ్మీ. ఇంట్ల నుంచి ఎవరు కాలు బయట పెట్టినా నా ఫోన్ మోగాలె."

అప్పుడే ఆయన కోడలు చాయ్ తెచ్చింది. భర్త చనిపోయినప్పటి నుంచి ఆమెను పుట్టిల్లు చిలుకూరుకు పంపడం లేదని మిల్లు హమాలీలు అనుకుంటుంటే విన్నాను. సేటు వరండాలోకి వెళ్లగానే ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, నీకు దండం పెడ్త. వంటింటి ఎనుక తలుపుకు కెమెరా పెట్టకు. మా తమ్ముడొస్తున్నడు నన్ను తోల్కపోనీకి."

తల ఊపాను. ఆ తలుపు దగ్గర కెమెరా గుర్తు లేకుండానే ప్లాను గీసి సేటుకు వాట్సాప్‌లో పంపాను.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "ప్లాన్ మంచిగున్నది తమ్మీ. ఎనుక తలుపొక్కటి మర్సిపోయినవ్. ఫికర్ జెయ్యకు, మేస్త్రీని పిలిపించిన. గాడ గోడ లేస్తున్నది."

ఫోన్‌లో ఇటుక మీద తాపీ చప్పుడు వినిపించింది. మిగతా తలుపులన్నిటికీ గుర్తు పెట్టి ఆ ఒక్కదాన్నే ఖాళీగా వదిలాను. ఎటు చూడాలో ఆయనకు నేనే చూపించాను.

తెల్లారగానే చిలుకూరు పోయి ఆ తమ్ముణ్ని వెతికి, గోడ సంగతి చెప్పాలి. కానీ ఈ రాత్రి ఆమె ఆ పచ్చి గోడ ముందు నిలబడి, నేనే సేటుకు చెప్పేశానని అనుకుంటూ ఉంటుంది.