మోచెయ్యి ఎవరిది?

పాత ఫోటోల భాండాగారం బాధ్యులకు,
నమస్కారం.

నా భార్య పోయిన రోజు సంగతి ముందు చెప్పాలి. లేకపోతే నా విన్నపం మీకు అర్థం కాదు.

ఆ రోజు ఉదయం ఆమె మామూలుగానే లేచింది. పాలు కాచింది. పేపరు ముందు తనే చదివింది. లోపలి పేజీలో మీరిచ్చిన పాత వీధి ఫోటో ఒకటి వేశారు. ఒక పేపర్ల కొట్టు, తీగలకి క్లిప్పులు పెట్టి వేలాడదీసిన బొమ్మల కథల పుస్తకాలు. ఎడమ అంచున ఎవరిదో మోచెయ్యి. మనిషి లేదు. అక్కడికి కత్తిరించేశారు.

"ఇదిగో, ఇది నేనే," అంది.

"మోచెయ్యి చూసి ఎలా చెప్తావు?"

"నా మోచెయ్యి నాకు తెలీదా? ఏం మనిషండీ మీరు!"

"అయితే ఆ కొట్టు దగ్గర నీకేం పని?"

నవ్వింది. "సాయంత్రం తీరిగ్గా చెప్తా. ముందు స్నానానికి లేవండి," అంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు డాక్టరు.

ఆ ఫోటో మొత్తం చూడాలని ఉంది. ఆ మోచెయ్యి ఆమెదో కాదో, అక్కడ ఆమెకేం పనో తెలుసుకోవాలి. ప్రింటు పంపగలరు.

ఇట్లు,
తూనికలు కొలతల శాఖలో రిటైరైన ఇన్‌స్పెక్టరు

తా.క.: పెళ్ళికి ముందు వాళ్ళిల్లు ఆ వీధి పక్కనే. అప్పటి ఫోటో అయ్యుంటుంది.

---

ఇన్‌స్పెక్టరు గారికి,
నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. కానీ పూర్తిగా కలగలేదు. ఎందుకో చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఈ కొట్టు ఫోటో కోసం మాకు రాసేవాళ్ళంతా బొమ్మల పుస్తకాలు పోగేసేవాళ్ళే. ఏ సంచిక ఏ నెలలో అమ్మారో ఫోటోలో చూసి తేల్చుకుంటారు. నిజానికి మేమూ అంతే, కవర్లని బట్టే ఫోటో తారీఖు కడతాం. ప్రింటు కోసం వరస పెద్దది కాబట్టి ముందుకి రావడానికి ఒక్కొక్కరూ ఒక్కొక్క చుట్టాన్ని చంపేస్తుంటారు. కిందటి నెల ఒకాయన వాళ్ళ అమ్మమ్మని చంపాడు. మొన్న ఆవిడే ఫోను చేసి, మావాడి ప్రింటు ఏమైందమ్మా అని అడిగింది.

మీది కొత్త రకంగా ఉంది. మోచెయ్యి ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. ఆ తెలివికి మెచ్చి, ఎడమ వైపు పుస్తకాలన్నీ పెద్దవి చేసి పంపుతున్నాను. పండగ చేసుకోండి.

ఇక సెలవు,
ఫోటోల గది బాధ్యురాలు

తా.క.: 'మోచెయ్యి' పేరుతో మా జాబితాలో ఏ పుస్తకమూ లేదు. ఎవరు అచ్చువేశారో రాస్తే వెతుకుతాను.

---

అమ్మా,

ప్రింటు అందింది. అందులో ముసుగు వేసుకున్న వీరుడు ఒకడు, రెక్కల గుర్రం ఒకటి, కుక్క బొమ్మ ఒకటి ఉన్నాయి. మోచెయ్యి లేదు.

మోచెయ్యి పుస్తకం కాదు. చేతిలో ఒక భాగం.

నేను ఏ పుస్తకాలూ పోగెయ్యను. నా భార్య నిజంగానే చనిపోయింది. ఆమె ఫోను చెయ్యదు.

పేపరు కటింగ్ జతచేశాను. దాని మీద టీ మరక ఆమెది. తుడవకండి. చూసి వెనక్కి పంపండి.

నమస్కారాలతో,
ఇన్‌స్పెక్టరు

తా.క.: ఇన్నేళ్ళూ పేపరు ఆమె చదివాకే నలిగి నా చేతికొచ్చేది. ఇప్పుడు మడత విప్పకుండా వస్తోంది. చదవబుద్ధి కావడం లేదు.

---

అయ్యా,

ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియడం లేదు. ఉత్తరాలు చదివీ చదివీ నాకు మనుషులంటే నమ్మకం పోయింది. క్షమించండి.

ఫోటో మొత్తం, అంచుల దాకా, పెద్ద సైజులో పంపుతున్నాను. ఉన్నవాటిలో అన్నిటికంటే స్పష్టంగా ఉన్న నెగెటివ్ నుంచి తీయించాను. వరసలో మీ ముందున్న వాళ్ళందరినీ ఆపాను. తిట్టుకుంటే తిట్టుకోనివ్వండి.

మీ కటింగ్ మడవడానికి మనసొప్పలేదు. అట్ట పెట్టి విడిగా పంపుతాను. అందాకా నా బల్ల మీద ఉంటుంది, నా టీ కప్పుకి దూరంగా.

సిగ్గుతో,
ఫోటోల గది బాధ్యురాలు

తా.క.: కటింగ్ వెనక గళ్ళ నుడికట్టు సగం పూరించి ఉంది. మీరు అడ్డం అయిదు తప్పు రాశారు.

---

అమ్మా,

మొత్తం ఫోటో అందింది. థాంక్స్.

ఎడమ అంచున భుజాన సంచితో ఒక మీసాలాయన ఉన్నాడు. చెయ్యి మడిచి నడుం మీద పెట్టుకున్నాడు. మోచెయ్యి ఆయనదే. భూతద్దంతో చూశాను. స్కేలుతో కొలిచాను కూడా, ఉద్యోగపు అలవాటు.

ఇక మిమ్మల్ని శ్రమ పెట్టను. ఆమె పొరబడింది. మా ఇంట్లో ఇది కొత్త. పెళ్ళయినప్పటి నుంచీ ఏ వాదనలోనూ నేను నెగ్గింది లేదు. ఇందులో నెగ్గాను. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేక మీకు రాస్తున్నాను.

ఉంటాను,
ఇన్‌స్పెక్టరు

తా.క.: అడ్డం అయిదు ఆమె రాసింది. తప్పని నేనూ చెప్పాను. గళ్ళదే తప్పంది.

రెండో తా.క.: మీసాలాయనని ముందు గదిలో గోడకి తగిలించాను. ఇంటికొచ్చిన మనిషి, వెనక్కి పంపడం ఎందుకని.

---

అయ్యా,

వెంటనే మీసాలాయనని గోడ మీంచి దించండి! ఆయనెవరో నాకూ తెలీదు, మీకూ తెలీదు.

మీ కటింగ్ బల్ల మీద ఉందన్నాను కదా. ఇవాళ దాని వైపు చూస్తుంటే, పై తీగ మీద రెక్కల గుర్రం పుస్తకం తలకిందులుగా వేలాడుతూ కనబడింది. మీకు పంపిన ప్రింటులో ఆ గుర్రం తిన్నగానే ఉంది. మనుషుల మొహాలు నేను మర్చిపోతాను, కవర్లు మర్చిపోను. అంటే అవి రెండూ ఒక ఫోటో కాదు! ఫోటోగ్రాఫరు ఆ కొట్టుని వెంటవెంటనే రెండుసార్లు తీశాడు. మీసాలాయన వెళ్ళిపోయాక, ఆ చోట్లోకి ఇంకెవరో వచ్చి నిలబడ్డారు.

రెండో నెగెటివ్ పనికిరానివాటి పెట్టెలో దొరికింది. దాని కవరు మీద, "పుస్తకాలు సరిగా కనబడవు. ఆడమనిషి అడ్డం," అని రాసి ఉంది. ఆ రాత నాదే. పేపరువాళ్ళు ఆ పెట్టెలోంచి చేతికందింది పట్టుకెళ్ళి, అడ్డమొచ్చిన మనిషిని కత్తిరించి మిగతాది వేసుకున్నారు.

ఆ ఆడమనిషిని పంపుతున్నాను. ఎవరో మీరే చెప్పాలి. తారీఖు కట్టి వెనకాల రాశాను. కవర్ల విషయంలో నేను పొరబడను.

ఆత్రంగా ఎదురుచూస్తూ,
ఫోటోల గది బాధ్యురాలు

తా.క.: ఆవిడ చేతిలో ఉన్న సంచిక మా అలమరలో ఉంది. బయటికివ్వడానికి రూలు లేదు, ఇక్కడ చూడొచ్చు. ఆవిడ కొనకుండానే చదివేస్తోందని నా అనుమానం. కొట్టు యజమాని మొహం చూడండి.

---

అమ్మా,

ఆమే.

ఒక చేత్తో పుస్తకం పట్టుకుంది. పక్కవాళ్ళు తొంగి చూడకుండా మోచెయ్యి బయటికి పొడుచుకొచ్చేలా పెట్టింది. తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వుతోంది. కొట్టు యజమాని మొహం మీరన్నట్టే ఉంది.

మీరు రాసిన తారీఖు చూసి మొదట నమ్మలేదు. పెళ్ళికి ముందుది కాదు. పెళ్ళయిన మూడో ఏడు. ఆ ఏడాది ఆమె ఆ వీధిలోనే కుట్టు క్లాసుకి వెళ్ళేది. సైకిలు మీద నేనే దింపి ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. క్లాసు పూర్తయ్యాక చొక్కాకి గుండీ కుట్టమంటే, "అక్కడ మిషను మీదే నేర్పారండీ, చేత్తో నేర్పలేదు," అంది. మిషను కొన్నాను. "ఇది వేరే మోడలు," అంది. అప్పటి నుంచీ నా గుండీలు నేనే కుట్టుకుంటున్నాను.

ఆ సాయంత్రం ఆమె చెప్పాలనుకున్నది ఇదే అయ్యుంటుంది. చెబితే కోప్పడేవాణ్ణి కాదు. చాలాసేపు ఆటపట్టించేవాణ్ణి.

ఇంట్లో ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇంత నవ్వు ఆమెకుందని నాకు తెలీదు. దేనికి నవ్విందో తెలుసుకోవడం మిగిలిపోయింది.

అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేపు ఉదయం మొదటి బస్సుకి బయల్దేరి నేనే పట్టుకొస్తాను. ఆ సంచిక తీసి ఉంచండి.

ఇట్లు,
ఆవిడ భర్త

తా.క.: కుర్చీ వెయ్యకండి. నిలబడే చదువుతాను.