ఐదింటికి లేపే లోపలి మనసు

జూలై 6, ఆదివారం

ఈ రోజు నుంచి నా జీవితం మారుతోంది. అలారం లేకుండా పొద్దున ఐదింటికి లేస్తాను.

కారణాలు రెండు. ఒకటి, నేను పాఠం చెప్పే కాలేజీ కామారెడ్డిలో, మా ఇల్లు ఎల్లారెడ్డిలో. ఆరు గంటల బస్సు పోతే మొదటి క్లాసు పోయినట్టే. రెండు, ఇంట్లో అలారం రద్దు. మొన్న అది మోగితే ఎనిమిది నెలల బుజ్జి లేచి తొమ్మిదింటిదాకా ఏడ్చాడు. నా భార్య నిరోష ఫోన్‌ను బియ్యం డబ్బాలో దాచింది.

ఉపాయం చెప్పింది మా కాలేజీ లెక్చరర్ సతీశ్. "సబ్‌కాన్షస్ మైండ్ అంటరు అన్నా. లోపలి మనసు. పండుకునేముందు గట్టిగ చెప్పు, అదే లేపుతది."

అమ్మకు చెప్పాను. బీడీలు చుడుతూ వింది. "మా అవ్వ గూడ గిట్లనే అంటుండె. దిండుకు చెప్పి పండుకుంటే దిండే లేపుతదని."

పాపం అమ్మ. అది మూఢనమ్మకం, ఇది సైన్స్.

జూలై 7, సోమవారం

ఐదుకు కళ్లు తెరుచుకున్నాయి! ఎవరూ పిలవలేదు, బుజ్జి కదలలేదు. ముందు గదిలోకి వస్తే అమ్మ అప్పటికే బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. పెద్ద వయసులో నిద్ర పట్టదు మరి.

జూలై 8, మంగళవారం

మళ్లీ ఐదు. లోపలి మనసుకు థాంక్స్ చెప్పాను. నిరోష విని అటు తిరిగి పడుకుంది. నవ్వినట్టు అనిపించింది.

జూలై 10, గురువారం

స్టాఫ్ రూములో నాదే ఉపన్యాసం. అందరూ టీ ఆపి విన్నారు. "ఇది మొదలు ఎవలు కనిపెట్టిండ్రు?" అని ఒక మేడం అడిగింది. సతీశ్‌ను చూశాను.

"కనిపెట్టుడేంది మేడం, అందరికి తెల్సిందే గద. కామారెడ్డిలనే మైండ్ పవర్ క్లాసులు చెప్పే సార్ ఉన్నడు, ఆయన దగ్గర విన్న."

నేనే ఉదాహరణగా ఉన్నాను కాబట్టి ఎవరు కనిపెడితే ఏమిటి అన్నాను.

జూలై 12, శనివారం

చెల్లె సుష్మితకు జ్వరమని అమ్మ బీబీపేట వెళ్లింది. వెళ్తూ నిరోష చెవిలో ఏదో చెప్పింది. అత్తాకోడళ్ల సంగతులు మనకెందుకు.

జూలై 14, సోమవారం

లేచేసరికి ఏడు. మబ్బు పట్టింది. వెలుతురు లేకపోతే లోపలి మనసుకు మాత్రం ఎలా తెలుస్తుంది?

జూలై 15, మంగళవారం

ఏడుంబావు. ఈసారి తప్పు దొరికింది. 'లేటు కావద్దు' అని చెప్పి పడుకున్నాను. లోపలి మనసుకు 'వద్దు' అన్న మాట వినపడదట. సతీశ్ చెప్పాడు.

"నిజమే అయ్యుంటది," అంది నిరోష. "బీరకాయ వద్దంటే బీరకాయే తెస్తవు గద నువ్వు."

ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచాడు. "దేవేందర్ సార్, సోమవారం యూనివర్సిటీవాళ్లు తనిఖీకి వస్తున్నరు. ఆ రోజు గూడ గిట్లనే అయితే వేరే సారును చూసుకుంటం."

ఈ ఉద్యోగం పోతే బుజ్జి పాలపొడికి కూడా అమ్మ బీడీల మీదే ఆధారపడాలి.

జూలై 16, బుధవారం

ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టుకొని దిండు కింద పెట్టుకోమని నిరోష సలహా. పెట్టుకోలేదు. స్టాఫ్ రూములో ఏ ముఖంతో చెప్పను? పైగా లోపలి మనసు అలుగుతుంది.

జూలై 18, శుక్రవారం

భయంతో నిద్రే పోవడం లేదు. నిద్రపోనివాడిని లేపే పనే లేదు కాబట్టి రెండు రోజులూ బస్సు దొరికింది. దీన్ని విజయం కిందే లెక్కేస్తున్నాను.

బోర్డు మీద రాస్తూ రాస్తూ నిల్చునే కునుకు తీశాను. వెనక్కి తిరిగితే క్లాసు ఖాళీ. మంచి పిల్లలు, చప్పుడు చేయకుండా వెళ్లారు.

జూలై 20, ఆదివారం

సతీశ్‌తో కలిసి ఆ సార్ ఉపన్యాసానికి కామారెడ్డి వెళ్లాను. హాలు నిండిపోయింది.

"ఎల్లారెడ్డిల ఒక లెక్చరర్ ఉన్నడు," అన్నాడాయన. "ఆరేండ్ల సంది అలారం ముట్టలేదు. పొద్దుగాల నాలుగింటికి లేస్తడు. గాయిన శక్తి గసువంటిది."

మనసులో దండం పెట్టుకున్నాను. మా ఊళ్లో అంత గొప్పవాడు ఉండి నాకు తెలియకపోవడమేమిటని సిగ్గేసింది కూడా.

"ఇంట్ల పిల్లగాడు బుజ్జి లేస్తడని అలారం మానేసిండు," అన్నాడు.

పక్కకు చూస్తే సతీశ్ టీకి వెళ్లిపోయాడు.

అయిపోయాక దగ్గరికి వెళ్లి అడిగాను. "సార్, ఆ లెక్చరర్‌ను మీరు చూసిండ్రా?"

"చూసుడెందుకు? నమ్మకమైన మనిషి చెప్పిండు."

ఆయన చెబితే సతీశ్ నమ్మాడు, సతీశ్ చెబితే నేను నమ్మాను, నన్ను చూసి ఆయన ఇంకా గట్టిగా నమ్మాడు. రేపు బస్సు తప్పిపోయేది మాత్రం నాకొక్కడికే.

ఇంటికొచ్చి ఏడింటికే మంచం మీద పడ్డాను. లోపలి మనసుకు చెప్పుకోకుండానే పడుకున్నాను.

జూలై 21, సోమవారం

కిచ్ కిచ్ అని చప్పుడు. కళ్లు తెరిచాను. ఐదు.

ముందు గదిలో అమ్మ, చేతిలో కత్తెర, ఒళ్లో బీడీ ఆకు.

"ఎప్పుడొచ్చినవే అమ్మా?"

"రాత్రి ఆఖరు బస్సుకు. సుష్మితకు తగ్గింది. అవసరమైతే ఫోన్ జెయ్యమని పోయేటప్పుడే నిరోషకు చెప్పి పోయిన. నీ కొలువు పోయేటట్టున్నదని ఫోన్ జేసింది."

"ఆకు పగటిపూట గద కత్తిరించేది నువ్వు?"

అమ్మ తల ఎత్తలేదు. "పిలిస్తే పిల్లగాడు లేస్తడు. నీకేమో లేపితే కోపం. బడికి పోయేటప్పుడు గూడ గంతే ఉంటివి. గీ కత్తెర చప్పుడైతే నీ అంతట నువ్వే లేస్తవు. ఎవలు లేపినట్టు ఉండది."

తలుపు దగ్గర నిరోష బుజ్జిని ఎత్తుకొని నిల్చుంది. ఈసారి దాచుకోకుండానే నవ్వింది. అమ్మ పక్కన కూర్చున్నాను. "బస్సు పోతది, లెవ్వు," అంది.

బస్సు దొరికింది. యూనివర్సిటీవాళ్లు వచ్చేసరికి నేను క్లాసులో ఉన్నాను. ప్రిన్సిపాల్ తలూపాడు.

సాయంత్రం సతీశ్ మెల్లగా అడిగాడు. "ఇయ్యాల గూడ లోపలి మనసేనా అన్నా?"

"ఔ," అన్నాను. అబద్ధమని అనిపించలేదు.

కొత్త నిర్ణయం. రేపటి నుంచి అమ్మ కంటే ముందే, నాలుగున్నరకు లేచి నేనే ఆమెకు టీ పెట్టి ఇస్తాను. లోపలి మనసుకు గట్టిగా చెప్పాను. దిండుకూ చెప్పాను.

ఎందుకైనా మంచిదని, నాలుగున్నరకే కత్తెర తీయమని అమ్మకు కూడా చెప్పాను.