ఎడమవైపు బ్రేకు

ఆదివారం, రాత్రి

పోయిన నెల కొన్న పాతకాలం బండి ఇవాళ మెకానిక్ దగ్గర నుంచి ఇంటికొచ్చింది. ట్యాంకుకి నల్లరంగు వేయించాను. మావకి నడుంనొప్పి కదా అని వెనక సీటు మందంగా కుట్టించాను గానీ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా పెళ్లి ఇష్టంలేని మావ, నాకేం చెప్పాలన్నా ఇన్నేళ్లూ సుజాతతోనే చెప్పిస్తున్నాడు.

"నాన్నా, నువ్వూ ఎక్కు. అలా గరివిడి దాకా ఎల్లొచ్చీండి," అని సుజాతే ఆయన్ని ఎక్కించింది.

రైలు గేటు పడుతోంది. నా మామూలు బండి అలవాటుతో బ్రేకనుకుని కుడికాలు నొక్కాను. దీనికి అక్కడుండేది గేరు. గేరు మారింది గానీ బండి ఆగలేదు. మావ నా భుజం గట్టిగా పట్టుకుని అరిచాడు.

"ఒరే బాబూ, ఎడంకాలురా! బ్రేకు ఎడమేపున్నాది!"

గేటుకి జానెడు దూరంలో ఆగాం. ఆయన నన్ను పిలవడం అదే మొదటిసారి. ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి నా భుజం మీదే ఉంది.

దిగాక మళ్లీ మామూలే. "సీటు మెత్తగున్నాదని మీ ఆయనకి సెప్పమ్మా," అన్నాడు సుజాతతో. నేను పక్కనే ఉన్నాను.

బ్రేకు ఎటువైపో నా కాలికి ఇప్పుడు బాగా తెలుసు. అయినా వచ్చే ఆదివారం ఆ గేటు దగ్గర మళ్లీ కుడికాలే నొక్కుతానేమో...