బ్లాగులో నా పేరు

ఆదివారం, గార్డెన్ రీచ్

మనవరాలు సుజాత ఈరోజు కంప్యూటర్లో నాకు బ్లాగు తెరిచింది. నేను తెలుగులో చెబితే తను బెంగాలీలో టైపు కొట్టింది. ఎవరేం చెప్పినా రుజువు అడగాలి, చెప్పింది మా డాక్ కూలీల యూనియన్ అయినా సరే అని మొదలుపెట్టాను. తర్వాత ఓడరేవు డాక్‌లో పనిచేసిన రోజుల్లో నేను చేసింది చెప్పాను. యూనియన్ ఊరేగింపుకు రానివాళ్ల పేర్లు నాయకులకు రాసిచ్చింది నేనే. మర్నాడు వాళ్లకు పని దొరికేది కాదు. వాళ్ల ఇళ్లలో ఏం తిన్నారో నేనెప్పుడూ అడగలేదు.

నా కొడుకు రాము అది చదివాడు. వాడిప్పుడు అదే డాక్‌లో రోజుకూలీ.

"ఏటి నాన్నా ఇది? నీ పేరు చూస్తే రేపు యూనియనోళ్లు నన్ను గేటు దాటనిస్తారేటి?"

"అబద్ధం రాసినానేట్రా?"

"నీకు పింఛనొస్తాది. నాకేటొస్తాది?"



"దాదూ, పేరు తీసేయనా?" అంది సుజాత.

తీసెయ్యమన్నాను. తన కోసమే తీయించానని రాము అనుకున్నాడు, నా చెయ్యి పట్టుకున్నాడు కూడా. కానీ తెరమీద నా పేరు పోగానే, ఆ పని చేసింది నేనని ఇక ఎవరికీ తెలియదని నా ప్రాణం కుదుటపడింది. ఆ మాట వాడికి చెప్పలేదు.