జెబా చేతుల మీద మచ్చలు

నరసరావుపేట,
12 ఫిబ్రవరి 2025

ప్రియమైన హసీనా ఆపాకు,

ఫర్జానా సలాములు. నువ్వు, బావగారు, పిల్లలు అల్లా దయవల్ల కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ చేద్దామంటే జెబా నా పక్క వదలదు. అమ్మీ పోయాక మన చెల్లెలికి నేనే లోకం కదా. అది వినకూడని సంగతి, అందుకే ఉత్తరం.

జెబాను ఎవరో కొడుతున్నారు ఆపా. రెండు ముంజేతులూ లోపలి వైపు ఎర్రగా కమిలి ఉంటున్నాయి. మానసిక దివ్యాంగుల సెంటర్‌కు వెళ్లిన రోజే అట్లా ఉంటాయి. ఎవరే కొట్టింది అని అడిగితే నవ్వి తల తిప్పుకుంటుంది.

నీకు తెలుసుగా, మాట అర్థమైనా దాని చెయ్యి వెంటనే కదలదు. టీ గ్లాసు ఇస్తే, పట్టుకుందామని అది చెయ్యి చాచేలోపు ఎదుటివాళ్లకు విసుగొస్తుంది. కొత్తగా వచ్చిన పద్మజ టీచర్‌కు ఆ ఓపిక లేదేమోనని నా అనుమానం. వెళ్లి అడిగితే, దెబ్బలేందమ్మా, మీ జెబా చానా హుషారుగా ఉంటంది అని దాటేసింది. నా మొహం చూడకుండా జెబా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నిన్న దండెం మీది బట్టలు తీద్దామని చెయ్యి ఎత్తాను. జెబా ఉలిక్కిపడి, మోకాళ్లు వంచి, రెండు చేతులూ ముందుకు చాచింది. దెబ్బ కాచుకునేవాళ్లే అట్లా నిలబడతారు. మా ఆయన అమ్జద్ ఏమో, ఊరికే ఎవురి మీదా నింద వెయ్యమాక, కళ్లతో చూసి మాట్లాడు అంటాడు. రేపు సెంటర్‌కు చెప్పకుండా వెళ్తున్నా. నిజమైతే పోలీస్ స్టేషన్‌కే పోతాను. ఇక దాన్ని గడప దాటనివ్వను. దువా చెయ్యి.

నీ చెల్లెలు,
ఫర్జానా

తా.క.: పోస్టు చెయ్యకముందే వెళ్లొచ్చాను ఆపా. గోడ చాటు నుంచి చూశాను. పద్మజ చేతిలో వాలీబాల్ ఉంది. జెబా, బంతి వస్తంది, చేతులు చాపు అని ఆమె కేకేసి, అది చేతులు చాచేదాకా ఆగి, అప్పుడు విసిరింది. బంతి ముంజేతులకు తగిలి పైకి లేచింది. ఆ మచ్చలు బంతి తగిలినవే. బంతి కనపడ్డాక చేతులు లేపితే తనకి ఆలస్యమైపోద్ది, ముందే చెబితే అందుకుంటది అంది పద్మజ. బాగా వచ్చాకే మనకు చెప్పాలని జెబానే ఆమె చేత ఒట్టు వేయించుకుందట. నేను కూడా ఒక బంతి విసిరాను. దాని భుజానికి తగిలి పక్కకు పోయింది. జెబా నడుం మీద చెయ్యి పెట్టుకుని అందరి ముందూ నన్ను కసిరింది, ఏంది ఆపా, చెప్పకుండా ఏస్తావేంది అని.