చెరుకు పిప్పి మీది ఎరుపు

చిత్తూరు, 12 ఆగస్టు 1998

1. తిరుపతిలో డాక్టరు చూశారు. రక్తపోటు తగ్గలేదు.
2. మెడ స్కానింగులో రక్తనాళపు గోడ మందమైనట్లు తేలింది.
3. "చిగుళ్లలో చీము ఎన్నేండ్ల నుంచి?" అని అడిగారు. నేను తీసుకుపోయిన లక్షణాల జాబితాలో అది లేదు. దానిని జబ్బుగా ఎన్నడూ ఎంచలేదు. దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్ కూడా నాళాలకు చేటు చేయవచ్చునట.

బెల్లం వండే రోజుల్లో నాయన నమిలి ఉమ్మిన చెరుకు పిప్పి ఎర్రగా ఉండేది. "మన ఇంట్లో అందరికీ ఇంతేలే అబ్బా, సెరుకు తియ్యగుండాది సూడు" అని నాకొక ముక్క విరిచి ఇచ్చేవారు. ఆ తీపి ఇప్పటికీ నాలుక మీద ఉంది. పక్షవాతంతో పోయేనాటికి ఆయనకు నలభై ఎనిమిది. నాకిప్పుడు నలభై ఆరు.

అన్నం తిన్నాక కూతురిని లైటు కింద నోరు తెరవమన్నాను. "ఏంది నాయనా, పండ్లు సూసేదానికి ఎద్దుల సంతా ఇది?" అంది. చిగుళ్ల వెంట రక్తం కనిపించింది. సోమవారం నాతోపాటు తననూ పండ్ల డాక్టరుకు చూపిస్తాను.

రాత్రి 9.40
పాలూరు మునిరత్నం